మంచి వస్తాదు ఎవరు?



సంగీతం నేర్చుకోవాలంటే మన పెద్దవాళ్ళు ఏం చేస్తారు? పదిమందిని అడుగుతారు. "ఆయనకు పాఠం చెప్పే ఓపిక ఉన్నదా? పిల్లలను కసురుకోడు గదా?" అని వాకబు చేస్తారు. జ్వరం వస్తే హస్తవాసి గల వైద్యుడెవరో కనుక్కొని మరీ వెళతారు. నగ చేయించాలంటే నమ్మకమైన కంసాలికోసం ఊరంతా తిరుగుతారు. కాని కసరత్తు నేర్చుకునేటప్పుడు మాత్రం ఇంత విచారణ చెయ్యరు. వీధి చివర జిమ్ము వెలిసిందనీ, గోడమీద కండలు తిరిగిన మనిషి బొమ్మ ఉన్నదనీ, మొదటి నెల రుసుము సగమేననీ చూసి చేరిపోతారు.

నగ వంకర పోతే కరిగించి మళ్ళీ పోతపోయవచ్చు. మోకాలు పాడైతే అలా చేయటానికి వీలు లేదు. అందుచేత కసరత్తు నేర్పేవారిని ఎన్నుకోవటం నగ చేసేవాణ్ణి ఎన్నుకోవటంకన్న పెద్ద పని. ఆ పని ఎలా చేయాలో ఈ నెల చెప్పుకుందాం. మీరు చేరబోతున్నా, మీ అన్నయ్యో నాన్నగారో చేరబోతున్నా ఇది పనికివస్తుంది.

మాటలోనే ఉన్న చిక్కు

మన ఊళ్ళలో పూర్వం తాలింఖానాలు ఉండేవి. మెత్తటి మట్టి పోసిన గోదా, గోడకు ఆనించిన గదలు, ఒక మూల ఆంజనేయస్వామి పటం—ఇంతే సామగ్రి. తెల్లవారుజామున కుర్రవాళ్ళు అక్కడ చేరి దండీలు, బస్కీలు తీసేవారు, కుస్తీ పట్టేవారు, కర్రసాము నేర్చేవారు. వారికి నేర్పే ఆయనను "వస్తాదు" అనేవారు.

ఈ మాట ఎక్కడిదో తెలుసునా? "ఉస్తాద్" అనే పారశీకపు మాట మన నోట పడి వస్తాదు అయింది. షెహనాయి వాయించిన బిస్మిల్లాఖాన్‌గారి పేరుకు ముందు "ఉస్తాద్" అని ఉంటుంది గదా, ఆ మాటే ఇదీనూ. దాని అర్థం గురువు అని. కాని మన వాడుకలో వస్తాదు అంటే బలశాలి అనే అర్థం స్థిరపడిపోయింది. చిక్కంతా ఇక్కడే ఉన్నది. బలం ఉండటం ఒక విద్య. బలం నేర్పటం మరొక విద్య. ఒకటి ఉన్నవారికి రెండవది ఉండి తీరాలని లేదు.

రెండూ ఉన్నవారు లేకపోలేదు. ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తినాయుడుగారి పేరు మీరు వినే ఉంటారు. ఛాతీమీద ఏనుగును నిలబెట్టుకునేవారు. రెండు మోటారు కార్లను కదలనివ్వకుండా పట్టి ఆపేవారు. సొంత సర్కస్ కంపెనీ నడిపారు. "కలియుగ భీముడు" అని జనం పిలిచేవారు. 1942లో ఆయన కన్నుమూశారు. అయితే చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉన్నది. అంతటి బలశాలి కూడా మద్రాసులోని సైదాపేటకు వెళ్ళి, వ్యాయామం ఎలా నేర్పాలో తరిఫీదు పొంది వచ్చారు. విజయనగరంలో బళ్ళో వ్యాయామోపాధ్యాయుడుగా పనిచేశారు. బలం తనకు ఉన్నది గదా, నేర్పటానికి వేరే చదువెందుకని అనుకోలేదు.

బండి మన గుమ్మంలోకి రావాలి

ఇప్పుడు మనమందరం "కోచ్" అంటున్నాం. ఈ మాట కథ ఇంకా విచిత్రంగా ఉంటుంది. హంగరీ దేశంలో కోచ్ అనే చిన్న ఊరు ఉన్నది. అయిదారు వందల సంవత్సరాల క్రితం ఆ ఊరివారు కుదుపు తక్కువగా ఉండే మంచి గుర్రపుబండ్లు చేసేవారు. ఆ ఊరి పేరే బండికి పేరయి, దేశదేశాలు తిరిగి ఇంగ్లండు చేరింది. 1830 ప్రాంతాల అక్కడి కాలేజీ విద్యార్థులు, తమను పరీక్ష గట్టెక్కించే మాస్టారిని వేళాకోళంగా "బండి" అన్నారు. ఆ తరువాత ఆటలు నేర్పేవారికీ అదే పేరు వచ్చింది.

వేళాకోళంగా పుట్టినా మాట మంచిదే. బండి ఏం చేస్తుంది? మనం ఉన్నచోటికి వచ్చి, మనను ఎక్కించుకొని, మనం వెళ్ళవలసిన చోటికి తీసుకుపోతుంది. తాను ఉన్నచోటికి మనను పరుగెత్తుకు రమ్మనదు.

మంచి శిక్షకుడి మొదటి గుర్తు ఇదే. మీరు వెళ్ళగానే ఆయన మీచేత బరువులు ఎత్తించడు. ముందుగా ప్రశ్నలు వేస్తాడు. "నీ వయస్సెంత? ఎప్పుడైనా ఎముక విరిగిందా? ఉబ్బసం ఉన్నదా? పరుగెత్తితే గుండెలో నొప్పిగాని, కళ్ళు తిరగటంగాని ఉన్నదా? రాత్రి ఎన్నింటికి పడుకుంటావు? పొద్దున ఏం తిని వచ్చావు? అసలు ఎందుకు నేర్చుకోవాలనుకుంటున్నావు?" ఈ ప్రశ్నలు అడగనివాడికి మీ బండి ఎక్కడ బయలుదేరాలో తెలియదన్నమాట.

దూడను మోసిన వీరుడు

రెండువేల అయిదువందల సంవత్సరాల క్రితం ఇటలీకి దక్షిణాన గ్రీకులు కట్టుకున్న క్రోటన్ అనే నగరం ఉండేది. మైలో అనే మల్లుడు ఆ ఊరివాడు. ఒలింపిక్ పందాలలో ఆరుసార్లు గెలిచాడు. అతడికి అంత బలం ఎలా వచ్చిందంటే, జనం ఒక కథ చెప్పుకునేవారు. మైలో ఒక లేగదూడను రోజూ భుజాన ఎత్తుకొని నడిచేవాడట. దూడ రోజుకింత పెరిగింది. దానితోపాటు మైలో బలమూ పెరిగింది. చివరకు అది పెద్ద ఎద్దు అయ్యేసరికి ఎద్దునే మోయగలిగాడట!

కథ కథే అనుకోండి. కాని దానిలో ఒక శాస్త్రం ఉన్నది. రెండవ ప్రపంచయుద్ధం రోజులలో థామస్ డెలోర్మ్ అనే అమెరికన్ సైనిక వైద్యుడు చికాగోలోని ఆస్పత్రిలో, కాళ్ళు దెబ్బతిన్న సైనికులకు చికిత్స చేసేవాడు. అప్పట్లో అటువంటివారిచేత తేలికపాటి కసరత్తే ఎక్కువసేపు చేయించేవారు. డెలోర్మ్ అలా కాక, మోయగలిగిన బరువుతో మొదలుపెట్టి, బలం వచ్చిన కొద్దీ బరువును కొంచెం కొంచెంగా పెంచుతూ పోయాడు. సైనికులు త్వరగా కోలుకున్నారు. 1945లో ఆయన ఈ పద్ధతిని ప్రకటించాడు. నేటికీ లోకమంతటా వాడుతున్నది ఈ సూత్రమే: ఒంటికి తగినంత పని పెట్టు, అది అలవాటు అయ్యాక మరికాస్త పెంచు.

ఇక్కడ ఒక సందేహం రావాలి మీకు. దూడ రోజూ పెరుగుతుంది; మనిషి బలం రోజూ అలాగే పెరుగుతుందా? పెరగదు. ఒకనాడు నిద్ర చాలదు. ఒకనాడు జలుబు చేస్తుంది. ఒకనాడు పరీక్షల దిగులు ఉంటుంది. ఆనాడు బరువు తగ్గించాలి, లేదా మానాలి. దూడకు ఆ సంగతి తెలియదు. వస్తాదుకు తెలియాలి. దూడకంటె వస్తాదు గొప్ప అయ్యేది ఇందుకే!

బలం వచ్చేది ఎప్పుడు?

బరువు ఎత్తేటప్పుడు బలం వస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి బరువు ఎత్తేటప్పుడు కండరం అలసిపోతుంది. దానిలోని సన్నని పోగులకు అక్కడక్కడ కంటికి కనిపించనంత చిన్న గాట్లు పడతాయి. మనం అన్నం తిని, నిద్రపోయి, విశ్రాంతి తీసుకునేటప్పుడు శరీరం ఆ పోగులను బాగుచేస్తుంది. బాగుచేసేటప్పుడు వెనుకటికన్న కొంచెం గట్టిగా తయారుచేస్తుంది. వానకు కూలిన గట్టును రైతు మళ్ళీ పోసేటప్పుడు రెండు తట్టల మట్టి ఎక్కువ వేసినట్టన్నమాట. గట్టు పోసే వ్యవధి ఇవ్వకుండా రోజూ వరద పంపితే చేను మునుగుతుంది.

అందుచేతనే మంచి శిక్షకుడు కసరత్తుతోపాటు నిద్రనూ లెక్కలో వేసుకుంటాడు. ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు 9 నుంచి 12 గంటలు, ఆపైన పద్దెనిమిదేళ్ళదాకా 8 నుంచి 10 గంటలు నిద్ర కావాలి.

కొత్తగా కసరత్తు చేసిన మరునాడో, ఆ మరునాడో కండలు సలుపుతాయి. ఇది మామూలే, రెండు మూడు రోజులలో పోతుంది. కాని కీలు దగ్గర సూది పొడిచినట్టు నొప్పి వచ్చినా, వాపు వచ్చినా, చేసేటప్పుడే కలుక్కుమన్నా అది వేరు సంగతి. వెంటనే ఆపాలి. ఈ రెండు నొప్పులకూ తేడా తెలియనివాడు నేర్పరాదు.

ఎదిగే పిల్లల ఎముకల చివర్ల మెత్తని భాగాలు ఉంటాయి. ఎముక పొడుగు పెరిగేది అక్కడే. సుమారు 14 నుంచి 18 ఏళ్ళ మధ్య అవి గట్టిపడిపోతాయి. బరువులు ఎత్తితే పిల్లలు పొట్టిగా ఉండిపోతారని ఒక మాట ఉన్నది. అది నిజం కాదు. తేలిక బరువులతో, సరి అయిన పద్ధతిలో, పెద్దవారు పక్కన ఉండి చేయిస్తే పిల్లలకూ మంచిదే. కీడు చేసేది బరువు కాదు. మితిమీరిన బరువు, తప్పు పద్ధతి.

రెండు వ్యాయామశాలలు

ఒక ఊళ్ళో రెండు వ్యాయామశాలలు ఉన్నాయనుకుందాం. పన్నెండేళ్ళ కుర్రవాడు ఒకడు, పుల్లలాగా ఉంటాడు, తాతగారిని వెంటబెట్టుకొని బయలుదేరాడు.

మొదటి చోట నేర్పే ఆయన చేతులు అరటిబోదెలలాగా ఉన్నాయి. ఆయన అద్దంలో చూసుకుంటూనే, "వచ్చేశావా! నెల తిరిగేసరికి నిన్ను భీముణ్ణి చేస్తాను, చూడు," అన్నాడు. పాతవాళ్ళనూ కొత్తవాళ్ళనూ ఒక వరసలో నిలబెట్టి, "యాభై బస్కీలు!" అని కేకపెట్టాడు. మన కుర్రవాడు ఇరవై తీసేసరికి కాళ్ళు వణికాయి. "ఏం, అమ్మ అన్నం పెట్టలేదా?" అన్నాడాయన. అందరూ నవ్వారు. కుర్రవాడు పౌరుషానికి పోయి ఇంకో పది తీశాడు. ఆ రాత్రి మెట్లు ఎక్కలేక పాకుతూ ఎక్కాడు.

వారం తరువాత రెండవ చోటికి వెళ్ళారు. అక్కడ నేర్పేది ఒక ఆవిడ. చూడటానికి మామూలుగా ఉన్నారు. తిరిగిన కండలేమీ కనిపించలేదు. ఆమె కుర్రవాణ్ణి కూర్చోబెట్టి కుశలప్రశ్నలు అడిగి, పుస్తకంలో రాసుకున్నారు. తరువాత, "బాబూ, ఒక్క బస్కీ తీసి చూపించు," అన్నారు. వాడు తీశాడు. ఆమె వాడి మడమలవైపు చూసి, పాదాలు కాస్త ఎడం చేయించి, "కుర్చీలో కూర్చోబోతున్నాననుకో," అన్నారు. మళ్ళీ తీయించారు. అయిదయ్యాయి, ఆరయ్యాయి.

"ఈవాళ్టికి ఇది చాలు," అన్నారామె.

"నేను ఇంకా చెయ్యగలనండీ!" అన్నాడు కుర్రవాడు.

"చెయ్యగలవు. అందుకే ఆపమన్నాను. ఎల్లుండి మళ్ళీ రావాలిగా!"

తాతగారికి ఇది నచ్చలేదు. "ఏమమ్మా, ఆరు బస్కీలకా మేము రుసుము కట్టేది?" అని అడిగారు.

ఆమె నవ్వి, "ఆరోది ఎలా తీశాడో చూశారా, తాతగారూ? మడమలు లేచాయి, నడుము వంగింది. తప్పుగా తీసినది లెక్కలోకి రాదండీ. ఏడోది తీయిస్తే ఒంటికి ఆ తప్పే అలవాటవుతుంది. అలవాటయ్యాక మాన్పించటానికి ఆరు నెలలు పడుతుంది," అన్నారు.

పిల్లలూ, మీరైతే ఎవరి దగ్గర చేరతారు? "ఇంకా చెయ్యి" అని ఎవరైనా అనగలరు. దానికి గొంతు ఉంటే చాలు. "ఇక చాలు" అని సరి అయిన క్షణంలో అనటానికి కన్ను ఉండాలి, చదువు ఉండాలి, శిష్యుడిమీద ప్రేమ ఉండాలి.

హైదరాబాదు గురువులు

హైదరాబాదులో సయ్యద్ అబ్దుల్ రహీం అనే ఆయన ఉండేవారు. వృత్తికి బడిపంతులు. జనం ఆయనను "రహీం సాహెబ్" అనేవారు. ఆయన 1950 నుంచి హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టుకు శిక్షకుడు. భారతదేశపు జట్టుకూ శిక్షణ ఇచ్చారు. ఆయన శిక్షణలో మన జట్టు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడలలో స్వర్ణపతకం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం సంపాదించింది. 1962 నాటికే ఆయన క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. జకార్తాలో దక్షిణ కొరియాను 2–1 తేడాతో ఓడించిన ఆ విజయం తరువాత సంవత్సరం తిరగకముందే, 1963 జూన్‌లో కన్నుమూశారు.

ఆయన పద్ధతులలో ఒకటి చెబుతాను. ఆటగాళ్ళలో చాలామందికి ఒక కాలు చురుకుగా ఉంటుంది, రెండవది మందం. రహీంగారు, మందంగా ఉన్న కాలితోనే బంతిని తన్నాలనే నియమంతో పోటీలు పెట్టేవారు. అప్పుడు గొప్ప ఆటగాడు కూడా కొత్తగా నేర్చుకునేవాడైపోతాడు! మనిషిలో ఎక్కడ బలహీనత ఉన్నదో చూసి, సిగ్గుపడనివ్వకుండా, ఆటలోనే దాన్ని పోగొట్టారు. బడిపంతులు బుద్ధి అంటే అదే.

అదే నగరంలో ఎస్. ఎం. ఆరిఫ్‌గారు బాడ్మింటన్ నేర్పారు. 2000 సంవత్సరానికి ఆయనకు ద్రోణాచార్య పురస్కారం వచ్చింది. ఎదిగే వయస్సులో ఆయన దగ్గర నేర్చిన పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ పోటీలో విజేత అయ్యాడు. అంతకుముందు 1994లో గోపీచంద్ మోకాలికి పెద్ద దెబ్బ తగిలి శస్త్రచికిత్సలు జరిగాయి. నొప్పి ఏమిటో, మళ్ళీ లేవటం ఏమిటో తెలిసిన ఆయన తరువాత తానే గురువయ్యారు. ఆయన శిష్యురాళ్ళలో సైనా నెహ్వాల్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం, పి. వి. సింధు 2016 రియో ఒలింపిక్స్‌లో రజతం తెచ్చారు.

రియో పతకానికి ముందు మూడు నెలలపాటు గోపీచంద్‌గారు సింధు ఫోను తీసి దాచారు. రియో చేరాక ఐస్‌క్రీం కూడా మానిపించారు. పతకం రాగానే, ఇక ఫోను ఇచ్చేస్తాననీ, ఐస్‌క్రీం తినవచ్చుననీ అందరి ముందూ చెప్పారు. ఇది చదివి, కఠినంగా ఉండేవారే మంచి గురువులని మీరు అనుకోవద్దు. ఆ కట్టడికి ఒక కారణం ఉన్నది, ఒక గడువు ఉన్నది. ఎందుకో శిష్యురాలికి తెలుసు. ఎప్పుడు ముగుస్తుందో కూడా తెలుసు. కారణమూ గడువూ లేని కట్టడి శిక్షణ కాదు, ఉత్త పెత్తనం.

గుంజీళ్ళ సంగతి

బళ్ళల్లో ఒక పాడు అలవాటు ఉండేది. లెక్క తప్పినవాడిచేత గుంజీలు తీయించేవారు. ఆలస్యంగా వచ్చినవాణ్ణి మైదానం చుట్టూ పరుగెత్తించేవారు. ముప్పయ్యేళ్ళకు పైగా బడిలో ఉండి నేను చూసినదేమంటే, అటువంటి పిల్లలకు లెక్కలూ రాలేదు, పరుగూ అబ్బలేదు. వాళ్ళ మనస్సులో పరుగు అంటే శిక్ష అని ముద్రపడిపోయింది. పెద్దవాళ్ళయ్యాక వైద్యుడు నడవమని చెప్పినా, వారికి అది శిక్షలాగే తోచింది. కసరత్తును దండనగా వాడేవారి దగ్గర చేరకండి. అది అన్నం పెట్టేచోట చీపురు పెట్టటంలాంటిది.

ఏమేమి అడగాలి?

చేరటానికి ముందు పెద్దవాళ్ళచేత ఈ ప్రశ్నలు అడిగించండి.

ఒకటి: ఎక్కడ నేర్చుకున్నారు? నేర్పటానికి చదువులున్నాయి. మద్రాసులో 1920లో హారీ క్రో బక్ అనే ఆయన వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాల పెట్టారు. మనదేశంలో ఈ చదువుకు అది దారి చూపింది. పాటియాలాలో 1961లో జాతీయ క్రీడాసంస్థ ఏర్పడింది. అక్కడ శిక్షకులకు డిప్లొమా ఇస్తారు. బి.పి.ఎడ్. చదివినవారు మన బళ్ళల్లోనే ఉన్నారు. వారం రోజులలో సంపాదించిన కాగితమూ, సంవత్సరం చదివి తెచ్చుకున్న పట్టా ఒకటి కావు.

రెండు: ఎవరైనా పడిపోతే ఏం చేస్తారు? ప్రథమ చికిత్స తెలియాలి. గుండె ఆగినవారికి ఛాతీమీద ఎలా నొక్కాలో తెలియాలి. మందుల పెట్టె చూపించమంటే వెంటనే చూపించగలగాలి.

మూడు: నాకు తెలియదు అనగలరా? మీ అమ్మగారికి మధుమేహమో, మీ తాతగారికి రక్తపు పోటో ఉన్నదని చెప్పి చూడండి. "ముందు డాక్టరుగారిని అడిగి రండి," అన్నవారు మంచివారు. "ఆ మాత్రలన్నీ మానిపించేస్తాను!" అన్నవారికి దూరం నుంచే దండం పెట్టండి.

నాలుగు: లెక్క రాస్తారా? ఈ నెల ఎవరు ఎంత చేశారో పుస్తకం ఉండాలి. అందులో మిమ్మల్ని వెనుకటి మీతోనే పోల్చాలి, పక్కవాడితో కాదు.

అయిదు: తల్లిదండ్రులు వచ్చి కూర్చొని చూడవచ్చునా? పిల్లలకు నేర్పేచోట తలుపు ఎప్పుడూ తెరిచి ఉండాలి. ఇది అన్నిటికన్న ముఖ్యం.

ఇటువంటి చోట నిలవకండి

నెలలో పది కిలోలు తగ్గిస్తాననే చోట నిలవకండి. లావుగా ఉన్నవారినిగాని, బక్కగా ఉన్నవారినిగాని పేరు పెట్టి ఎగతాళి చేసే చోట నిలవకండి. చెమట పట్టినవారిని మంచినీళ్ళు తాగనివ్వని చోట నిలవకండి.

కొందరు డబ్బాలలో పొడులు అమ్ముతారు. ఇంకా పాడు పని, సూదిమందులు వేస్తారు. వాటిలో కొన్ని కండలను తొందరగా ఉబ్బించే స్టెరాయిడ్లు. ఇవి గుండెనూ కాలేయాన్నీ దెబ్బతీస్తాయి. ఎదిగే పిల్లలలోనైతే ఎముక చివరల మెత్తని భాగాలను ముందే గట్టిపరచి పొడుగు పెరగనివ్వవు. మీకు కావలసిన బలం పప్పులో, గుడ్డులో, పాలలో, వేరుశనగలో, అన్నంలో, ఆకుకూరలో ఉన్నది. వైద్యుడు చెప్పకుండా ఏ పొడీ నోట వేసుకోకండి.

శిక్షణ పేరుతో ఎవరైనా మీకు ఇష్టం లేనివిధంగా తాకినా, "ఇంట్లో చెప్పవద్దు," అన్నా, ఆ క్షణమే బయటికి వచ్చి అమ్మకో నాన్నకో టీచరుకో చెప్పండి. తప్పు మీది కానే కాదు. చెప్పుకునేందుకు ఎవరూ దగ్గర లేకపోతే 1098 నంబరుకు ఫోను చేయవచ్చు. అది పిల్లలకోసమే ఉన్న నంబరు. రాత్రీ పగలూ పలుకుతుంది, డబ్బు పడదు.

ఇంట్లో ఒక ప్రయోగం

మంచి శిక్షకుడు చూసేవాటిలో ఒకదాన్ని మీరే ఇంట్లో చూసుకోవచ్చు. బొటనవేలు మొదట, మణికట్టు లోపలివైపు రెండు వేళ్ళు ఆనించండి. నాడి తగులుతుంది. పదిహేను సెకండ్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించండి. పదేళ్ళు దాటినవారికి, ఊరికే కూర్చున్నప్పుడు నాడి నిమిషానికి 60 నుంచి 100 దాకా ఉండటం మామూలు.

ఇప్పుడు మేడమెట్లు రెండుసార్లు ఎక్కి దిగి మళ్ళీ చూడండి. పెరుగుతుంది. ఒక నిమిషం కూర్చొని మూడవసారి చూడండి. ఎంత తగ్గింది? ఈ మూడు అంకెలనూ తేదీ వేసి రాసుకోండి. రోజూ ఆడుతూ, పరుగెత్తుతూ ఉంటే, కొన్ని వారాలకు ఆ మూడవ అంకె త్వరగా దిగటం గమనిస్తారు. గుండె బలపడుతున్నదనటానికి అది గుర్తు. నాడి దొరకకపోతే మరో ఉపాయం: పరుగెత్తేటప్పుడు మాట్లాడగలగాలి, కాని పాట పాడలేకపోవాలి. మాటకూడా రాకపోతే వేగం ఎక్కువయిందన్నమాట.

అయిదు నుంచి పదిహేడేళ్ళ పిల్లలు సగటున రోజుకు 60 నిమిషాలు ఒళ్ళు వంచి ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. దీనికి జిమ్మే అక్కరలేదు. కబడ్డీ, కోకో, తాడాట, సైకిలు, ఈత—ఏదైనా సరే.

వెనుక నిలబడినవాణ్ణి చూడండి

చివరగా ఒక ఉపాయం చెబుతాను. ఏ వ్యాయామశాలకైనా వెళ్ళి, చేరకముందు ఒక అరగంట ఓ పక్కన కూర్చోండి. ముందువరసలో గొప్పగా చేస్తున్నవారిని చూడకండి. వారు ఎక్కడున్నా బాగానే చేస్తారు. అందరికన్న వెనుక ఉన్నవాణ్ణి చూడండి. బొద్దుగా ఉండి ఆయాసపడుతున్న పిల్లవాడో, మోకాళ్ళు పట్టేసిన ముసలాయనో, నిన్ననే చేరి బెదురుతున్న అమ్మాయో ఎవరో ఒకరు ఉంటారు. ఆ అరగంటలో శిక్షకుడు వారి దగ్గరికి ఎన్నిసార్లు వెళ్ళాడు? వెళ్ళి ఏమన్నాడు? ఎక్కడ ఆపాడు? ఇంటికి పోయేటప్పుడు వారి ముఖం ఎలా ఉన్నది?

ఆ ముఖంలో, ఎల్లుండి మళ్ళీ రావాలనే ఉత్సాహం కనిపిస్తే ఇక సందేహించకండి. అక్కడ ఉన్నది మంచి వస్తాదు. వెళ్ళి నమస్కారం చేసి, చేరండి.